బాస్ మీద రాని కోపం
భార్యను కొట్టినవాడు మర్నాడు చెప్పే మాట ఎక్కడైనా దాదాపు ఒకటే, 'కోపంలో ఒళ్లు తెలియలేదు.' అదే మనిషికి ఆఫీసులో బాస్ అందరి ముందూ గడ్డి పెడితే మాత్రం ఒళ్లు బాగానే తెలుస్తుంది, తల వంచుకుని సరే సార్ అంటాడు. బయటికి కనిపించని చోట చూసి మరీ కొట్టేవాళ్లున్నారు. తలుపు చప్పుడైతే చాలు, గొంతు మార్చేసి వచ్చినవాళ్లను నవ్వుతూ పలకరించేవాళ్లున్నారు. అదుపు తప్పినవాడు ఇంత లెక్కగా ఉంటాడా?

అందుకే ఇలాంటివాళ్లను యాంగర్ మేనేజ్‌మెంట్ క్లాసుకు పంపి పది దాకా లెక్కపెట్టమంటే సరిపోదు. కొట్టేవాళ్లను గ్రూపుగా కూర్చోబెట్టి మార్చడానికి వేరే కార్యక్రమాలున్నాయి. (ఆడవాళ్లు కొట్టే ఇళ్లు లేవని కాదు, ఈ కార్యక్రమాలు ఎక్కువగా మగవాళ్ల కోసం పుట్టాయి.) బోస్టన్‌లో ఎమర్జ్ అనే సంస్థ 1977లోనే ఈ పని మొదలుపెట్టింది. 1981లో అమెరికాలోనే డులూత్ అనే ఊళ్లో మొదలైన పద్ధతి తర్వాత చాలా దేశాలకు పాకింది. హింస పడ్డ ఆడవాళ్లు చెప్పినదాన్ని బట్టి అక్కడ ఒక చక్రం బొమ్మ గీశారు. దెబ్బలు దాని అంచులో ఉంటాయి, ఇరుసు దగ్గర ఉండేది పెత్తనం. ఆ రెండింటి మధ్యా బెదిరింపులు, డబ్బు చేతికివ్వకపోవడం, అయినవాళ్లతో మాట్లాడనివ్వకపోవడం, పిల్లల్ని అడ్డం పెట్టుకోవడం లాంటివి.

ఈ గ్రూపుల్లో అన్నిటికన్నా కష్టమైన పని జరిగింది జరిగినట్టు చెప్పించడమే. మన భాష ఇక్కడ కొట్టినవాడికి బాగా కలిసొస్తుంది: కోపం వచ్చింది, గొడవైంది, చెయ్యి లేచింది, దెబ్బ తగిలింది. ఒక్కదాంట్లోనూ 'నేను' లేదు, అంతా దానంతటదే జరిగిపోయినట్టు ఉంటుంది. 'నేను కొట్టాను, ఆమె ఫోన్ ఇవ్వనందుకు కొట్టాను' అనే ఒక్క వాక్యం నోట రావడానికి కొందరికి వారాలు పడుతుంది.

ఫలితాలా? మిశ్రమమే. ఇలాంటి కార్యక్రమాలకు వెళ్లినవాళ్ల మీద బ్రిటన్‌లో 2015లో వచ్చిన మిరబల్ అధ్యయనంలో కొట్టడం బాగా తగ్గింది గానీ, ఎక్కడికెళ్లావు, ఎవరితో మాట్లాడావు అనే ఆరాలు అంతగా తగ్గలేదు. కొట్టడం మానడం వేరు, పెత్తనం వదులుకోవడం వేరు మరి. ఆ తేడా చెప్పగలిగింది కూడా ఆ ఇంట్లో ఉన్న ఆడవాళ్లే. అందుకే మంచి కార్యక్రమాలు అతని మాట ఒక్కటే నమ్మవు, ఆమెతో విడిగా మాట్లాడే మనిషిని పెడతాయి, అతను మధ్యలో మానేస్తే ఆమెకు కబురు చేస్తాయి. ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి 'చెప్పమ్మా, ఏం జరిగింది' అని అడిగే కౌన్సెలింగ్ ఇక్కడ చాలా ప్రమాదం, అక్కడ ఆమె నిజం చెబితే ఆ లెక్క ఇంటికెళ్లాక తేలుతుంది.

నాకు భయమల్లా కోర్సు పూర్తి చేశాడని ఇచ్చే సర్టిఫికెట్ గురించే. కోర్సు చాలాచోట్ల ఆరు నెలలు, అంతకన్నా ఎక్కువే ఉంటుంది. అతను రెండో వారం హాజరయ్యాడో లేదో, 'పాపం మారుతున్నాడుగా, కేసు వెనక్కి తీసుకో' అని ఆమెకు ఫోన్లు మొదలవుతాయి.