శ్రీ ‘ఇంకా 9 నిమిషాలే’ గారికి

అయ్యా,

నన్ను గుర్తుపట్టకపోవచ్చు. దసరాకు పది రోజుల ముందు, రాత్రి పదకొండున్నరకు, మంచం మీద ఒత్తిగిలి పడుకుని ఫోన్ చూస్తున్నవాళ్ళలో నేనొకణ్ణి. ఒక ఆన్‌లైన్ కొట్లో పోచంపల్లి పట్టుచీర ఫొటో కింద మీరు ఎర్రటి అంకెల్లో మెరుస్తూ కనబడ్డారు. అసలు ధర 8,999, ఈ రాత్రికి మాత్రం 1,299. ఇంకా 9 నిమిషాల 59 సెకన్లు. మూడే చీరలు మిగిలాయి. 214 మంది ఇప్పుడే చూస్తున్నారు.

214 మంది! మా కాలనీ సంఘం మీటింగుకు అందులో పదోవంతు కూడా రారు.

"ఆదివారం పోచంపల్లికే పోదాం, ఎంత దూరమని?" అంది మా ఆవిడ. మేముండేది హైదరాబాద్ శివార్లలోనే. "ఆదివారం దాకానా? ఇక్కడ ఏడు నిమిషాలే ఉంటే!" అన్నాను. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని ఇంటిల్లిపాదికీ క్లాసు పీకేది నేనే అన్న సంగతి మనవి చేసుకుంటున్నాను. ఇంటికొచ్చాక డబ్బులిచ్చే పద్ధతి అక్కడ లేదు. ముందే కడితే మరో వంద తగ్గింపు. మీరు 4:12 దగ్గరున్నప్పుడు కట్టేసి, మీ మీద గెలిచానన్న తృప్తితో నిద్రపోయాను.

పన్నెండు రోజులకు, అంటే పండగ వెళ్ళాక, పార్శిల్ వచ్చింది. మా అమ్మ చీర చేతిలోకి తీసుకుని మడత విప్పింది. ముందు వైపు చూడనే లేదు, తిరగేసింది. వెనకంతా తెల్లగా వెలవెలబోతోంది.

"గిది పోచంపల్లి కాదు బిడ్డా. అచ్చేసిన గుడ్డ. చిటికి చీర రెండు దిక్కులా ఒక్క తీరుగ ఉంటది."

అమ్మది ఆ పక్క ఊరే. నేయకముందే దారాలకు కట్లు కట్టి రంగులు ముంచుతారని, అందుకే బొమ్మ దారంలోనే ఉంటుందని, చీరను ఎటు తిప్పినా అదే రంగు పలుకుతుందని అప్పుడు చెప్పింది. కొనకముందు అడిగుంటే అప్పుడే చెప్పేది. కానీ మీరు నాకు అమ్మను అడిగే టైము ఇవ్వలేదు కదా.

టైము మాట వచ్చింది కాబట్టి ఒకటి వినండి. ఆ చీరకు మగ్గం ఎక్కేముందే ఆసు పోయాలి, అంటే దారాన్ని మేకుల చుట్టూ వరుసగా చుట్టాలి. పాతరోజుల్లో ఆ ఇళ్ళ ఆడవాళ్ళు ఒక్క చీర కోసం చేతిని వేల సార్లు అటూ ఇటూ తిప్పేవాళ్ళు. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు పోసే యంత్రం కనిపెట్టి, దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. ఆ యంత్రమే వచ్చినా ఒక చీర ఆసుకు గంటకు పైనే పడుతుంది. ఆ తర్వాత కట్లు, రంగులు, నేత. మీరేమో పది నిమిషాల్లో తేల్చుకోమంటారు.

బట్టల కొట్లో మా అమ్మ బేరం మీరు చూసి ఉండరు. నలభై చీరలు కిందికి దింపిస్తుంది. ధర చెప్పగానే లేచి చెప్పులేసుకుంటుంది. నాలుగడుగులు వేశాక వెనక నుంచి "అమ్మా, ఆగండి, మీ మాటా వద్దు నా మాటా వద్దు" అని పిలుపు వస్తుంది. కొనేవాడి చేతిలో ఉన్న ఆయుధం ఆ నాలుగడుగులే. మీ గొప్పతనం ఏమిటంటే ఆ అడుగులు మీరే వేస్తారు. కొట్టే లేచి వెళ్ళిపోతున్నట్టు నటిస్తే, వెనక నుంచి "ఆగండి, ఆగండి" అని అరిచేది మేము.

రాహుకాలంలో అమ్మ ఏమీ కొనదు. ఇన్నాళ్ళూ నవ్వేవాణ్ణి. ఇప్పుడు రాహుకాలమే మర్యాదస్థుడనిపిస్తోంది. ఎప్పుడొస్తాడో క్యాలెండర్లో ముందే వేసి ఉంటుంది, గంటన్నర ఉండి వెళ్ళిపోతాడు. మీ విషయం అలా కాదు. పార్శిల్ వచ్చిన రోజు అదే పేజీ మళ్ళీ తెరిచాను. ఇంకా 9 నిమిషాల 59 సెకన్లు. మూడే చీరలు. ఈసారి 187 మంది చూస్తున్నారు. మూసి తెరిచాను, మళ్ళీ 9:59, ఈసారి 231 మంది. మా అక్క కొడుకు కంప్యూటర్ చదువుతున్నాడు, వాణ్ణడిగాను. "మామయ్యా, ఇది ఎక్కడో వాళ్ళ దగ్గర నడిచే గడియారం కాదు, నీ ఫోన్లోనే నడుస్తుంది. పేజీ తెరిచినప్పుడల్లా మొదటి నుంచి లెక్కపెడుతుంది, అంతే" అన్నాడు.

అంటే నా ఫోన్లో, నా ఛార్జింగు తింటూ, నా డేటా మీద బతుకుతూ నన్నే తొందరపెట్టావన్నమాట. ఇంటివాడివే కాబట్టి ఇక ‘నువ్వు’ అంటాను, ఏమనుకోకు.

అసలు తప్పు దొంగలది మాత్రమే అనను. నిన్ను పెంచి పెద్దచేసింది పెద్ద పెద్ద దుకాణాలే. పండగ సేల్ వచ్చిందంటే చాలు, ఎర్ర అంకెలు చూడగానే వేలు దానంతటదే ‘కొను’ మీదికి వెళ్ళేలా మాకు ఏళ్ళ తరబడి తర్ఫీదు ఇచ్చారు. దొంగ కొత్తగా నేర్పిందేమీ లేదు, తయారైన పంట కోసుకెళ్ళాడు.

నీ మీద రాజపత్రం కూడా ఉందట. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబర్ 30న మార్గదర్శకాలు ఇచ్చి, ఆన్‌లైన్ కొట్లు చేయకూడని 13 రకాల మాయలు జాబితా వేసింది. అందులో మొదటి పేరు నీదే: అబద్ధపు తొందర. బడిలో నేనెప్పుడూ ఫస్టు రాలేదు, అభినందనలు. 2025 జూన్‌లోనైతే, ఈ మాయలు మీ దగ్గర ఉన్నాయేమో మూడు నెలల్లో మీరే తనిఖీ చేసుకోండని కంపెనీలకు చెప్పారు. మా రోజుల్లో మా పేపరు మమ్మల్నే దిద్దుకోమని ఉంటే నేనూ ఫస్టే వచ్చేవాణ్ణి. ఇక నాకు చీర అమ్మినవాడు తనిఖీ చేసుకోవడానికి అసలు ఉంటే కదా! అమ్మేవాడి పేరు, అడ్రసు, ఫిర్యాదులు చూసే అధికారి వివరాలు సైట్లో ఉండాలని 2020 నుంచే రూలుంది. వాడి పేజీ అడుగున ఉన్నది ఒక జీమెయిల్. అడ్రసు చోట ‘ఇండియా’.

కథ ఇక్కడితో ఆగితే 1,199తో పోయేది. నేను ఆ సైటు పేరు, పక్కన కస్టమర్ కేర్ అని కొట్టి వెతికి, పైన కనబడ్డ నంబరుకు చేశాను. మహా మర్యాదగా మాట్లాడాడు. "సార్, మీ రిఫండ్ రెడీగా ఉంది. క్యూఆర్ పంపుతున్నా, స్కాన్ చేసి పిన్ కొట్టండి. రెండు నిమిషాల్లో ఎక్స్‌పైర్ అయిపోద్ది సార్, తొందరగా." ఆ గొంతులో ఉన్నది నువ్వేనని అప్పుడు తెలియలేదు. పిన్ కొట్టేది డబ్బు పంపడానికే, రావడానికి పిన్ అక్కర్లేదని మా బావమరిదికి బొమ్మ గీసి మరీ చెప్పినవాణ్ణి నేను. కొట్టాను. 4,999 పోయింది.

సిగ్గేసింది. ఎవరికీ చెప్పలేదు. ఫోన్ బోర్లా పెట్టి పడుకున్నాను. పొద్దున బ్యాంకు మెసేజ్ మా ఆవిడ కంటపడింది. "1930కి చేశారా?" అంది. సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే నంబరది. చేశాను. అవతలి వాళ్ళు మొదట అడిగింది, డబ్బు పోయి ఎంతసేపైందని. పద్నాలుగు గంటలన్నాను. వెంటనే చెబితే డబ్బు ఏ ఖాతాలో ఉంటే అక్కడే ఆపించే వీలుంటుందట. దొంగలు దాన్ని ఆ ఖాతా నుంచి ఈ ఖాతాకు దాటిస్తూనే ఉంటారు. నాది అప్పటికే దాటిపోయింది.

అంటే, నా బతుకులో గడియారం నిజంగా నడిచిన రాత్రి అదొక్కటే. ఒక్కో నిమిషానికీ విలువున్న రాత్రి. ఎర్రటి అంకెల్లో మెరవాల్సింది అప్పుడు కదా! ఎక్కడికి పోయావు? ఇంకెవడి మంచం పక్కన 9:59 చూపిస్తున్నావు?

ఆ చీర ఇప్పుడు మా మిక్సీకి కవరు. మొన్న నీళ్ళు పడితే మిక్సీకి కూడా రంగంటింది.

పోయిన ఆదివారం పోచంపల్లి వెళ్ళాం. నేతన్న ఇంట్లో చాప మీద కూర్చుని, అమ్మ ఒక్కో చీరా విప్పించి, తిరగేసి, వేలితో రాసి చూస్తోంది. రెండుసార్లు చాయ్ తాగడం అయింది. ఒక్కటీ కొనలేదు. ఉండబట్టలేక "ఇంకా ఎంతసేపమ్మా?" అన్నాను.

చీర మీద నుంచి తల ఎత్తకుండానే అంది: "ఏం తొందరున్నది బిడ్డా నీకు?"

ఇట్లు,
ఆ 214 మందిలో నిజంగా ఉన్న ఒకే ఒక్కడు