పూటకి ఒకే రకం గుడ్డు

ఉగాది దాకా మా ఇంట్లో పొద్దున ఏడింటికి మూడు గుడ్లు మూడు రకాలుగా పగిలేవి. ఆయనకి హాఫ్ బాయిల్. పెద్దవాడికి ఉల్లిపాయలు, పచ్చిమిర్చి దండిగా వేసిన ఆమ్లెట్. చిన్నదానికి ఉడకబెట్టిన గుడ్డు, అదీ పచ్చసొన తీసేసి. ఆ తీసేసిన పచ్చసొన మీద చిటికెడు ఉప్పు వేసుకుని నిలబడే నోట్లో వేసుకుంటే నా టిఫిన్ అయిపోయినట్టే. అత్తయ్య గుడ్డు ముట్టరు కాబట్టి ఆవిడ ఇడ్లీ వేరే పొయ్యి మీద. గుడ్ల పెనం వేరు, దాని అట్లకాడ వేరు, తోమే పీచు కూడా వేరు.

ఉగాది మర్నాడు చెప్పేశాను. ఇకమీదట పూటకి ఒకే రకం గుడ్డు. రోజుకో రకం చేస్తాను గానీ మనిషికో రకం చెయ్యను. మేం కలుసుకునే సంఘంలో ఈ మాటంటే కొందరు నవ్వారు, కొందరు గొంతు తగ్గించి "మీ ఇంట్లో ఒప్పుకున్నారా?" అని అడిగారు. ఆ అడిగినవాళ్ల కోసం రాస్తున్నాను. చాకిరీ సంగతి పక్కన పెట్టండి. ఒకేసారి మూడు రకాలు చేస్తే మూడూ చెడతాయి, అదీ నా గోల.

ఈ అలవాటు మనకి ఎక్కణ్ణుంచి వచ్చిందా అంటే నాకు పరోటా కొట్టే గుర్తొస్తుంది. మా నెల్లూరులో నా చిన్నప్పుడు గుడ్డంటే మధ్యాహ్నం అన్నంలోకి పులుసు, ఆదివారం దోసె మీద ఒకటి. ఎవరికేం కావాలని అమ్మ అడిగిన గుర్తు లేదు. పెళ్లయి చెన్నై వచ్చిన కొత్తలో పెరంబూరులో ఒక కొట్లో హాఫ్ బాయిల్ అడిగాను, సగం ఉడికిన గుడ్డు ఇస్తారనుకుని. ప్లేట్లో వచ్చింది పెనం మీద కొట్టి ఒకవైపే కాల్చిన గుడ్డు, మధ్యలో పచ్చసొన తొణుకుతూ, పైన మిరియాల పొడి. తిరగేసి రెండోవైపు కూడా కాలిస్తే అది ఫుల్ బాయిలట. బాయిల్ అన్న మాటకీ నీళ్లకీ ఈ ఊళ్లో సంబంధం లేదు. నీళ్లలో ఉడికిందే కావాలంటే అవిచ్చ ముట్టై అనాలి. బెంగళూరులో ఉండే మా ఆడపడుచు మాత్రం హాఫ్ బాయిల్‌ని బుల్స్ ఐ అంటుంది, మనమేదో తప్పు మాట్లాడినట్టు సరిదిద్దుతుంది కూడా.

ఆ కొట్లో పరోటా మాస్టర్ ముందు మంచమంత పెనం. ఒక మూల ఆమ్లెట్, ఒక మూల సగం పచ్చిగా ఉండగానే తీసే కలక్కి, ఇంకోచోట ఫుల్ బాయిల్. ఎవరడిగింది వాళ్లకి, డబ్బు తీసుకుని. మనం ఆ దర్జాని ఇంటికి తెచ్చుకున్నాం, పెనం మాత్రం తెచ్చుకోలేదు.

తెల్లసొన 60 డిగ్రీలు దాటిన కాసేపటికే గట్టిపడటం మొదలవుతుంది. పచ్చసొన 65, 70 మధ్యలో. నీళ్లు మరగడానికే 100 కావాలి కదా, మరి గుడ్డుకి అంత మంట అక్కర్లేదు. హాఫ్ బాయిల్‌కి సన్న మంట, పైన మూత కావాలి. ఆమ్లెట్ తీసిన వేడి పెనం మీదే హడావిడిగా కొడితే అంచులు అప్పడంలా మాడతాయి, పైన తెల్లసొన జిగురు జిగురుగా మిగులుతుంది. ఈ రెండింటి మధ్య నేను నలుగుతుంటే పక్కన గిన్నెలో చిన్నదాని గుడ్డు ఇరవై నిమిషాలు కుతకుతలాడేది. అలా ఉడికితే తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి సొన చుట్టూ బూడిద రంగు కలిసిన ఆకుపచ్చ వలయం కడుతుంది. తింటే ప్రమాదమేం లేదు. చూడ్డానికే బాగోదు. చిన్నది పచ్చసొన మానేసింది లావవుతాననే భయంతోనని ఆర్నెల్లు అనుకున్నాను. కాదు, ఆ రంగు చూసి.

ఇప్పుడు ఉడకబెట్టే రోజు అందరికీ ఉడకబెట్టిందే. నీళ్లు మరిగాక గుడ్లు గరిటెతో మెల్లగా దించి, మంట తగ్గించి, తొమ్మిది నిమిషాలకి తీసి చన్నీళ్లలో వేస్తాను. సొన బంగారం రంగులో, మధ్యలో కాస్త మెత్తగా ఉంటుంది. చిన్నది మొత్తం తింటోంది. ఒక గుడ్డులో 6 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటే అందులో రెండున్నర పైచిలుకు పచ్చసొనలోదే. అంటే ఇన్నాళ్లూ దాని వాటా నేను తిన్నాను.

ఒకే రకం పద్ధతి వల్ల ఇంకో లాభం ముందు నాకూ తట్టలేదు. మేం ముప్పై గుడ్ల ట్రే కొంటాం. కోళ్ల ఫారాల ఊరు నామక్కల్ నుంచి అప్పుడే దిగిన గుడ్డైతే తెల్లసొన చెదరకుండా గుండ్రంగా నిలుస్తుంది, హాఫ్ బాయిల్‌కి అదే కావాలి. దాన్నే ఉడకబెడితే పెంకుతో పాటు సగం గుడ్డు ఊడొస్తుంది. వారం ఆగిన గుడ్డు చక్కగా ఒలుస్తుంది. అందుకని ట్రే కొత్తగా వచ్చినప్పుడు హాఫ్ బాయిల్, అడుక్కి వచ్చాక ఉడకబెట్టడం. గురువారం సాయిబాబాకి, శనివారం వెంకటేశ్వరస్వామికి, ఆ రెండు రోజులూ అత్తయ్య మాట ప్రకారం గుడ్డే లేదు.

మధ్యలో పొరటు. పక్కింటి అక్క పొడిమాస్ అంటుంది, ఆడపడుచు బుర్జీ అంటుంది, మా పిల్లలు స్క్రాంబుల్ అంటారు. నాకు మాత్రం ఇది పొరటే. గుడ్లు ముందే గిలక్కొట్టడం అమ్మకి నచ్చేది కాదు, అలా చేస్తే అంతా ఒకే రంగు పిండి ముద్దవుతుందనేది. నూనెలో ఉల్లిపాయ ముక్కలు పచ్చివాసన పోయి తీపి ఎక్కేదాకా మగ్గించాలి, తొందరపడే వాళ్లంతా ఇక్కడే చెడగొడతారు. పచ్చిమిర్చి, కరివేపాకు, పసుపు, ఉప్పు. అప్పుడు ముక్కల్ని పక్కకి నెట్టి గుడ్లు నేరుగా పెనంలోకి. ఒక నిమిషం ముట్టుకోకూడదు. అడుగున తెల్లసొన పట్టుకున్నాక అట్లకాడతో పెద్ద పెద్ద ముక్కలుగా తిప్పాలి. తెలుపు తెలుపుగా, పసుపు పసుపుగా కనిపించాలి. ఇంకా కాస్త తడి ఉండగానే కట్టేస్తే మిగిలింది పెనం వేడే చూసుకుంటుంది. వేడి దోసెలో చుట్టి ఇస్తాను. బ్రెడ్డు జోలికి వెళ్లను, రుబ్బిన పిండి ఫ్రిజ్‌లో ఉండగా బ్రెడ్డెందుకు?

ఆదివారం మా నెల్లూరు పద్ధతి. దోసె మందంగా వేసి, ఎర్రకారం పూసి, పైన గుడ్డు కొట్టి గరిటె వెనకతో పరిచి, చుట్టూ నూనె. టైమ్ లేని రోజు గుంతపొంగనాల పెనంలో ఉప్పు, ఉల్లిపాయ కలిపిన గుడ్డు పోస్తే రెండు వాయిల్లో ఇంటిల్లిపాదికీ సరిపోతుంది.

"పిల్లలు అలిగి తినకుండా పోతే?" అంటారు. ఈ తమిళనాడులో బడి పిల్లలకి మధ్యాహ్న భోజనంలో గుడ్డు 1989లో మొదలైంది. అందరికీ ఒకటే, ఉడకబెట్టింది. తర్వాత తర్వాత ఒకరోజు మిరియాలు, ఒకరోజు ఉల్లిపాయ టమాటా మసాలా తగిలించారు. రోజుకి రకం మారింది గానీ ఆ రోజు వరుసలో కూర్చున్న ప్రతి పిల్లాడి కంచంలోనూ అదే. లక్షల పిల్లలకి సరిపోయిన పద్ధతి మా ముగ్గురికీ సరిపోకపోతుందా? పెద్దవాడు రెండు రోజులు మొహం ముడుచుకున్నాడు. మూడోరోజు పొరటు రెండోసారి వడ్డించమన్నాడు. కలక్కి కావాలని అప్పుడప్పుడు సతాయిస్తాడు, సగం పచ్చిగా ఉండే ఆ గుడ్డు కడుపుతో ఉన్నవాళ్లకీ, ముసలివాళ్లకీ, చంటిపిల్లలకీ మంచిది కాదు గానీ వాడికేం, చేసుకు తినమన్నాను.

ఆ మాట అందరికీ వర్తిస్తుంది. ఆ పూట చేసింది నచ్చకపోతే గుడ్ల పెనం అక్కడే ఉంది. మొన్న పొరటు రోజు ఆయన సీరియస్‌గా వంటింట్లోకి వచ్చి, పెనం పెట్టి, మంట పూర్తిగా తిప్పి గుడ్డు కొట్టారు. పచ్చసొన ఫట్‌మని పగిలి పెనమంతా పారింది. ఒకసారి నా వైపు చూసి, గబుక్కున అట్లకాడ తీసుకుని తిరగేశారు.

"ఏంటండీ అది?" అన్నాను.

"ఫుల్ బాయిల్," అన్నారు.