పిల్లల ఫోన్‌కి తాళం సరే, తీసేదెవరు?

వేసవి సెలవులు వచ్చాయంటే విశాఖలో జగదాంబ, డాబాగార్డెన్స్ వైపు సెల్‌ఫోన్ రిపేరు షాపులకు ఓ కొత్తరకం బేరం తగులుతోంది. స్క్రీన్ పగిలిందనో, ఛార్జింగ్ ఎక్కడం లేదనో కాదు. "బాబు ఫోన్‌కి మేమే లాక్ పెట్టాం, ఇప్పుడు మాకే రావడం లేదు. కాస్త తీసిపెట్టండి" అని అడుగుతారు. చాలా షాపుల్లో దీనికి ఉన్న మందు ఒకటే. పవర్ బటన్, వాల్యూమ్ బటన్ కలిపి నొక్కి ఫోన్‌ని మొత్తం తుడిచేయడం. బ్యాకప్ లేకపోతే ఫొటోలూ వీడియోలూ పోయినట్టే. పోనీ దాంతో అయిపోతుందా అంటే, అదీ లేదు. తుడిచేసిన ఫోన్ ఆన్ కాగానే ఇంతకుముందు ఇందులో ఉన్న గూగుల్ ఖాతా చెప్పమంటుంది. ఆండ్రాయిడ్ 5.1తో, అంటే 2015లో, వచ్చిన ఏర్పాటు అది. కొట్టేసిన ఫోన్లు అమ్ముకోకుండా పెట్టారు. పాస్‌వర్డ్ మరిచిపోయిన తండ్రికీ దొంగకీ తేడా దానికి తెలియదు.

అక్కడి నుంచి అడ్డదారులు మొదలవుతాయి. ఏదో సాఫ్ట్‌వేర్‌తో ఆ అడ్డు తప్పించి, అప్పటికప్పుడు ఓ కొత్త జీమెయిల్ తెరిచి, ఓటీపీ కోసం షాపు నంబరే కొట్టేసి చేతిలో పెట్టేవాళ్లూ ఉన్నారు. ఇంటికొచ్చిన ఫోన్‌లో పాత లాక్ ఉండదు, పాత నియంత్రణలూ ఉండవు. పైగా ఈసారి పాస్‌వర్డ్ మరిచిపోతే ఓటీపీ వెళ్లేది ముక్కూమొహం తెలియని మనిషి ఫోన్‌కి. డబ్బిచ్చి మరీ ఈ పని చేయించుకుంటున్నాం.

లాక్ ఎంత గట్టిదన్న దాని మీదే మన ధ్యాసంతా. మరిచిపోతే ఎలా తెరవాలి, ఎవరు తెరవాలి అన్నది పెట్టే రోజున ఎవరూ అడగరు. నన్నడిగితే అసలు గొడవంతా అక్కడే ఉంది.

కంపెనీలకూ ఈ విషయంలో స్థిరమైన ఆలోచన ఉన్నట్టు కనిపించదు. ప్లే స్టోర్‌లో పిల్లలకు తగని యాప్‌లు రాకుండా నాలుగంకెల పిన్ పెట్టుకోవచ్చు. అది మరిచిపోతే ఫోన్ సెట్టింగ్స్‌లో ప్లే స్టోర్ డేటా తుడిచేయడమే దారి. తల్లిదండ్రులకు ఎంత సులువో, పదేళ్ల పిల్లాడికీ అంతే సులువు. అలాంటి దాన్ని తాళం అనడమే దండగ. ఆపిల్‌ది ఒకప్పుడు దీనికి పూర్తిగా ఎదురు. 2018లో, ఫోన్ వాడకానికి హద్దులు పెట్టే స్క్రీన్ టైమ్ తెచ్చినప్పుడు దాని పాస్‌కోడ్ మరిచిపోతే ఐఫోన్‌ని మొత్తం తుడిచి కొత్తగా మొదలుపెట్టాల్సిందే. 2020లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 13.4తో గానీ ఆపిల్ ఐడీతో పాస్‌కోడ్ మార్చుకునే వీలు రాలేదు. అదైనా పాస్‌కోడ్ పెట్టేటప్పుడు అడిగిన ఆపిల్ ఐడీ ఇచ్చినవాళ్లకే. అక్కడ మనం చేసేది తెలిసిందేగా, దాటేసి ముందుకెళ్లిపోతాం. ఇంటిల్లిపాదినీ ఒక గ్రూపుగా కలిపే ఫ్యామిలీ షేరింగ్‌లో ఉన్న పిల్లల ఐఫోన్ అయితే పాస్‌కోడ్ మార్చాల్సింది పెద్దవాళ్ల సొంత ఫోన్‌లోంచే. పిల్లాడి ఫోన్ చేతిలో పెట్టుకుని గంటలు కుస్తీ పట్టినా ప్రయోజనం లేదు.

పెద్దవాళ్లు తమ ఫోన్‌లోంచే పిల్లల ఫోన్‌ని అదుపు చేసే యాప్ గూగుల్ ఫ్యామిలీ లింక్. 2017లో వచ్చింది, వీటన్నిటికంటే మేలు. దాని తాళంచెవి పిల్లల ఫోన్‌లో ఉండదు, తల్లి లేదా తండ్రి గూగుల్ ఖాతాలో ఉంటుంది. పిల్లాడు ఎంత కెలికినా అది చేతికి అందదు. కానీ ఈ పద్ధతి నడవాలంటే ఇంట్లో పెద్దవాళ్లకు సొంత ఖాతా, గుర్తున్న పాస్‌వర్డ్, పనిచేసే ఫోన్ నంబరు ఉండాలి. మన ఇళ్లలో జరుగుతున్నది వేరు. 2020లో ఆన్‌లైన్ క్లాసుల హడావుడిలో ఫోన్ కొన్నాం. ఖాతా తెరిచింది బావమరిది కొడుకో, షాపు కుర్రాడో. రికవరీకి ఇచ్చిన సిమ్ ఆ తర్వాత ఎవరూ రీఛార్జ్ చేయలేదు. మూడు నెలలకు పైగా వాడకుండా వదిలేసిన ప్రీపెయిడ్ నంబరును కంపెనీలు తీసేసి, కొన్నాళ్లకు వేరేవాళ్లకు ఇచ్చేస్తాయి. ఓటీపీ వెళ్తుంది సరే, ఎవరి ఇంటికి వెళ్తుందో ఎవరికెరుక.

విశాఖలో ఇంకో తరహా చిక్కు కూడా ఉంది. మర్చంట్ నేవీలో పనిచేసేవాళ్ల కుటుంబాలు ఇక్కడ బోలెడు. ఓడ ఎక్కబోయే ముందు తండ్రి తన ఫోన్‌లో ఫ్యామిలీ లింక్ పెట్టి, రాత్రి తొమ్మిదికల్లా కూతురి ఫోన్ మూతపడేలా చేసి వెళ్తాడు. నెలల తర్వాత ఓ రాత్రి పదింటికి స్కూలు ప్రాజెక్టు పంపాల్సి వస్తుంది. ఫోన్ పేరెంట్ కోడ్ అడుగుతుంది. ఆ కోడ్ కొద్దిసేపే చెల్లుతుంది, అదీ తండ్రి దగ్గరుంది. ఆయనేమో నడిసముద్రంలో ఉన్నాడు. పక్కనే ఉన్న తల్లికి మాత్రం ఏ అధికారమూ లేదు. ఆమెను కూడా పేరెంట్‌గా చేర్చడానికి ఐదు నిమిషాలు చాలు, కానీ అది ఫ్యామిలీ గ్రూప్ మేనేజర్ ఖాతా నుంచే చేయాలి. అంటే మళ్లీ ఆయనే. రోజంతా పిల్లల్ని చూసుకునేది తల్లి, సెట్టింగ్స్ మాత్రం తండ్రి చేతిలో. దీన్ని సాంకేతిక సమస్య అని సరిపెట్టలేం.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు షాపుకి పరిగెత్తకముందు ఒకటి చేయొచ్చు. ఖాతా తిరిగి తెచ్చుకునేటప్పుడు గూగుల్ మీరు మామూలుగా వాడే ఫోన్, మామూలుగా ఉండే చోటు కూడా లెక్కలోకి తీసుకుంటుంది. డాబాగార్డెన్స్ షాపులో కొత్త కంప్యూటర్ మీద పదిసార్లు కొట్టేకంటే, ఇంట్లో వైఫై మీద, పాత ఫోన్‌లోంచి, గుర్తున్న పాత పాస్‌వర్డ్ ఇచ్చి ప్రయత్నించడం నయం. జవాబు రావడానికి ఒక్కోసారి రోజులు పడుతుంది, ఓపిక పట్టాలి. ఈ టెన్షన్‌లో గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి ఫోన్ చేయడం మాత్రం వద్దు. ఆ వెతుకులాట మీదే బతికే ముఠాలున్నాయి, స్క్రీన్ షేరింగ్ యాప్ వేయించి బ్యాంకు ఖాతా ఊడ్చేస్తాయి. అలా డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

పిన్ సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు. పుట్టిన సంవత్సరమో, బండి నంబరో పెడితే పిల్లలు రెండో ప్రయత్నంలో పట్టేస్తారు. అసలు ఈ తాళాలన్నీ వద్దు, కూర్చోబెట్టి మాట్లాడితే చాలు అనేవాళ్లున్నారు. స్టీల్‌ప్లాంట్‌లో సి షిఫ్టుకి, అంటే రాత్రి డ్యూటీకి, వెళ్లే మనిషి రాత్రి పదకొండింటికి ఎవరిని కూర్చోబెట్టి మాట్లాడతాడు?

ఇక మీదట ఈ ఇబ్బంది పెరిగేదే గానీ తగ్గేది కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే. వాళ్ల డేటా వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, అది నిజంగా వాళ్లిచ్చిందేనని తేలాలి. దాన్ని అమలు చేసే నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకు కంపెనీలకు 18 నెలల గడువిచ్చారు. ఇప్పటిదాకా ప్రాథమిక పాఠశాల పిల్లలకే అనుకున్న పెద్దల ఖాతా, ఇక ఇంటర్ చదివే కుర్రాడి యాప్‌లకూ కావాల్సి వస్తుంది. అనుమతి ఎలా తీసుకోవాలో కంపెనీలు ఎలాగూ చూసుకుంటాయి, తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉంది. అనుమతి ఇచ్చిన పెద్దమనిషి పాస్‌వర్డ్ మరిచిపోతే, నంబరు మారితే, ఓడెక్కితే, చనిపోతే ఏం చేయాలన్నది కూడా ఈ గడువులోపే తేల్చాలి. ఇంట్లో రెండో పెద్దని చేర్చనిదే సెట్టింగ్ పూర్తికాని పద్ధతి పెట్టడం వాళ్లకి కష్టమేమీ కాదు. ఒంటరిగా పిల్లల్ని పెంచుతున్నవాళ్లు అమ్మమ్మనో మేనమామనో చేర్చుకునే వీలుండాలి, ఆ అడిగేది తెలుగులో అడగాలి.