మనువుకు చేప చెప్పింది, మాకెవరు చెప్పారు?

మా కర్నూలులో కొండారెడ్డి బురుజు దగ్గరి టీ బంకులో ఏటా వానాకాలం ఒక చర్చ లేస్తుంది: ఏ మతం జలప్రళయం పెద్దది? ఒకాయన కొండలు మునిగాయంటాడు, ఇంకొకాయన నలభై పగళ్ళు, నలభై రాత్రులు అంటాడు. నీళ్ళ లోతుతో పోటీ పెట్టడం నాకు నచ్చదు. ముందుగా కబురు ఎవరికి అందింది, ఎట్లా అందింది అన్నదానికి మార్కులు వేయాలి. వరదలో మునిగిన ఊరివాణ్ణి కనక ఆ అర్హత నాకుంది.

శతపథ బ్రాహ్మణం అనే వేదకాలపు గ్రంథంలో మనువు చేతులు కడుక్కుంటుంటే ఒక చేపపిల్ల దోసిట్లోకి వచ్చింది. "నన్ను పెంచు, నిన్ను కాపాడతా" అంది. కుండలో, ఆ తర్వాత గుంతలో పెంచి సముద్రంలో వదిలాడు. ఫలానా ఏడాది వరద వస్తుంది, పడవ కట్టుకో అని ఏడాదితో సహా చెప్పిందది. మన వాతావరణ సూచన ఈరోజుకీ 'అక్కడక్కడా ఓ మోస్తరు' దాటి రాలేదు.

బైబిల్లో నోవహుకు ఓడ కొలతలతో సహా ప్లాను వచ్చింది. పొడుగు 300 మూరలు, వెడల్పు 50, ఎత్తు 30. గీసిందీ దేవుడే, పాస్ చేసిందీ దేవుడే. ఫైలు పట్టుకుని టేబుల్ టేబుల్‌కీ తిరిగినవాడికే అందులోని సుఖం తెలుస్తుంది. ఖురాన్‌లో మాత్రం నూహ్ (అదే నోవహు) కొడుకు ఓడ ఎక్కనన్నాడు, కొండెక్కి తప్పించుకుంటానన్నాడు. మునిగిపోయాడు.

అందరికంటే తెలివైనవాడు బాబిలోనియా దేవుడు ఎయా. ఎన్లిల్ అనే పెద్ద దేవుడికి మనుషుల గోలతో నిద్ర పట్టడం లేదట, అందుకే వరద. (ఆయన మన డీజేలు వినలేదు, అదృష్టం.) విషయం మనుషులకు పొక్కకూడదని దేవుళ్ళంతా ఒట్టు వేసుకున్నారు. గోడలకు చెవులుంటాయని మనం భయపడతాం, ఎయా నేరుగా వెళ్ళి రెల్లుగోడకే చెప్పాడు. అవతలున్న ఉత్నపిష్టిం అనే మనిషి విన్నాడు. ఒట్టూ నిలిచింది, మనిషీ బతికాడు. 1872లో లండన్‌లో ఒక మట్టిపలక మీద ఈ కథ చదివి జనం నోరెళ్ళబెట్టారు కానీ, లోపాయికారీగా కబురందడం మనకు కొత్తా?

గ్రీకు కథలో ద్యుకాలియన్‌కు కన్నతండ్రే చెప్పాడు. పలుకుబడి కేసు, మార్కులు లేవు. వరద తీశాక అతనూ, భార్యా వెనక్కి విసిరిన రాళ్ళు మనుషులయ్యాయట. రాళ్ళు మా సీమలో కావలసినన్ని. ఎన్నికల వాళ్ళ చెవిన మాత్రం వేయకండి.

ఇక మా సంగతి. 2009 అక్టోబర్ 2. అంతకు ముందు దాకా వానల్లేవని ఏడ్చాం. అప్పుడు తుంగభద్ర, హంద్రి కలిసి ఊళ్ళోకొచ్చాయి. ఆరోజు గాంధీ జయంతి, సెలవు. ఏ దేవుడూ సెలవు రోజు చూసి వరద పంపినట్టు గ్రంథాల్లో లేదు. మా వీధికి కబురు తెచ్చింది పాలాయన. "నీళ్ళొచ్చినాయి సార్, మిద్దెక్కండి" అన్నాడు. అప్పటికే నీళ్ళు ఆయన మోకాళ్ళ దాకా ఉన్నాయి. మిద్దెక్కాం. నూహ్ కొడుకు ఆలోచనే, కాకపోతే మేం బతికాం. నోవహుకు వచ్చినట్టు మాకు ఒలీవ ఆకు తెచ్చే పావురం రాలేదు, అన్నం పొట్లాలు వేసే హెలికాప్టర్ వచ్చింది.

అప్పట్నుంచీ మార్కెట్లో చేప కొనేముందు దాని మొహంలోకి కాసేపు చూస్తా. "తాజాదే సార్, ఏం చూస్తారట్లా?" అంటుంది అమ్మే ఆమె. ఏమన్నా చెప్తుందేమోనని, అనలేను కదా.