పడుగూ పేకా పిక్సెలూ

మా పెదనాన్నకి 70 నిండాయి. శ్రీకాకుళంలో సొంత ఇంట్లోనే భీమరథ శాంతి చేయించుకుంటానన్నారు. పురోహితుడు కుదిరాడు, వంటవాళ్లు కుదిరారు, టెంటు కుదిరింది. ఫోటోలవాడి దగ్గరికొచ్చేసరికి నేను అడ్డం పడ్డాను. "బయటివాళ్లెందుకు పెదనాన్నా, నేనున్నాను కదా!" అన్నాను. ఆ ఒక్కమాట అనకుండా ఉంటే ఆయన నన్ను ఇప్పటికీ పేరుపెట్టే పిలిచేవారు.

నా ధీమాకి కారణం ఉంది. అంతకు నెల ముందే విశాఖపట్నంలో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో నికాన్ డీ800ఈ కెమెరా కొన్నాను. 2012లో వచ్చిన మోడల్. 36 మెగాపిక్సెళ్లు. అడ్డంగా 7360 చుక్కలు, నిలువుగా 4912 చుక్కలు. గుణించుకుంటే మూడు కోట్ల అరవై లక్షల పైమాటే. షట్టరు 2 లక్షల క్లిక్కులకు తట్టుకునేలా పరీక్షించి వదిలారట. నా చేతికొచ్చేసరికి లక్షా పదివేలు దాటేసింది. "అంటే మనిషి లెక్కలో నలభై దాటాయన్నమాట, నా ఈడే" అని మా ఆవిడకి నచ్చజెప్పబోయాను. "మీ ఈడు సరుకు ఇంట్లో ఒకటి ఉండగా ఇంకోటెందుకు?" అంది.

బ్యాటరీ, కార్డు వేస్తే కెమెరా ఒక్కటే కిలో బరువు. పెద్దమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని పైకీ కిందకీ ఊపి, "కిలో రాయికి బదులు వాడుకోవచ్చు, సంతలో ఎవడూ మోసం చెయ్యలేడు" అని తేల్చేసింది.

ఆ పేరు చివరనున్న 'ఈ' అక్షరం సంగతి ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే కొంప ముంచింది అదే. చాలా కెమెరాల్లో, బొమ్మని పట్టే సెన్సర్ ముందు పల్చటి తెర ఒకటి ఉంటుంది. అది బొమ్మని వెంట్రుకవాసి మసకబారుస్తుంది. మామూలు డీ800లో ఆ తెర తన పని తాను చేసుకుపోతుంది. డీ800ఈలో మాత్రం ఆ మసకని వెనక్కి లాగేసేలా ఏర్పాటు చేశారు. ఒకటి మసక చేస్తుంది, ఇంకోటి ఆ మసకని తీసేస్తుంది. ఇంటికి తాళం వేయించి, ఆ తాళం తీయడానికి ఇంకొకడికి కూలి ఇచ్చినట్టు! ఈ ఘనకార్యానికి కొత్తలో అమెరికాలో 300 డాలర్లు ఎక్కువ పుచ్చుకున్నారు. జనం ఇచ్చారు కూడా. ఉన్నది ఉన్నట్టు, గీత గీతగా కనబడుతుందని.

అయితే సన్నటి అల్లిక ఉన్న బట్టల మీద లేని రంగులు కనబడే అవకాశం దీంట్లో ఎక్కువని కంపెనీవాళ్లు ముందే చెప్పారు. నేను చదివాను కూడా. చదివి, "ఈ రోజుల్లో అంత సన్నటి నేత బట్టలు ఎవరు కడుతున్నారులే" అనుకున్నాను. పొందూరుకి బస్సులో గంట దూరంలో పుట్టి పెరిగినవాడు అనుకున్న మాట ఇది.

పొందూరు ఖద్దరు గురించి మా జిల్లావాళ్లకి చెప్పక్కర్లేదు. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, చేత్తో వడికి, 100 కౌంటు నూలు తీసి నేస్తారు. కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది. ఆ చేప పళ్లు ఎంత సన్నగా ఉంటాయో నూలూ అంత శుభ్రంగా వస్తుంది. పెదనాన్న రిటైర్డ్ హెడ్మాస్టరు. నలభై ఏళ్లుగా అదే కడుతున్నారు. ఈ ముచ్చట కోసం కొత్త పంచె, ఉత్తరీయం ప్రత్యేకంగా తెప్పించుకున్నారు. ఎంత పెట్టారో పెద్దమ్మకి ఇంతవరకు చెప్పలేదు.

ఆ రోజు పొద్దున్నే అరసవల్లి వెళ్లి సూర్యనారాయణస్వామి దర్శనం చేసుకొచ్చి, హోమాలూ స్నానాలూ అయ్యాక, అందరినీ వీధి అరుగు మీద నిలబెట్టాను. చిన్న ఫోన్‌తో టకటకా తీసేవాళ్లని చూసి జాలిపడ్డాను. నాది అలాంటి పని కాదు. 50 ఎంఎం లెన్సుకి సెకనులో 50వ వంతు షట్టర్ వేగం చాలని పాత లెక్క. ఇంత చుక్కల కెమెరాకి అది చాలదు, ఊపిరి పీల్చినా బొమ్మ అదురుతుంది. అందుకని 250వ వంతు పెట్టాను. గడియారం సెకన్లు లెక్కపెట్టుకునేవాడిలా ఊపిరి బిగించాను.

"ఏటిరా, తీస్తావా, నిమజ్జనం చేస్తావా? బేగి కానియ్యి, పులిహోర చల్లారిపోతంది" అని మావయ్య కేక.

తీశాను. కెమెరా చూసింది చూసినట్టు దాచుకునే ఫోటోని 'రా' ఫోటో అంటారు. అది ఒక్కోటీ దాదాపు 40 ఎంబీ. రెండొందల ఫోటోలకే ఎనిమిది జీబీ. సాయంత్రం వాటిని నా పాత ల్యాప్‌టాప్‌లో వేస్తే దానికి ఆయాసం వచ్చింది. ఒక ఫోటో తెరుచుకునేలోపు బావ వీధి చివరికెళ్లి కిళ్లీ వేసుకుని తిరిగొచ్చేవాడు.

రాత్రి భోజనాలయ్యాక అంతా హాల్లో టీవీ ముందు చేరారు. నేను తీగ తగిలించి గ్రూపు ఫోటో పెట్టాను. "అబ్బో" అన్నారు. నాలో గర్వం పొంగింది. అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. ఆగలేదు, జూమ్ చేశాను. అత్తయ్య జుట్టుకి ఎక్కడిదాకా రంగు పడిందో, ఎక్కడ అయిపోయిందో సరిహద్దు రాళ్లు పాతినట్టు కనబడింది. "నా మీంచి తీసెయ్యరా బాబూ" అంది. బావ పళ్ల సందుల్లో పొద్దుటి కిళ్లీ. అందరి గుట్టూ వరసగా బయటపడుతూ ఉంటే, తమ వంతు రాకముందే ఇద్దరు ముగ్గురు నీళ్లు తాగే నెపంతో లేచిపోయారు.

చివరికి పెదనాన్న దగ్గరికి వచ్చాను.

"ఒలమ్మో, ఇదేటి! పంచె ఇలాగయిపోయింది?" అంది పెద్దమ్మ.

తెల్లటి పొందూరు పంచె మీద నీలం, పసుపు, ఆకుపచ్చ అలలు. వానాకాలం బస్టాండు గుంటలో డీజిల్ తేలినట్టు. మోకాళ్ల దగ్గర మొదలై బొడ్డు దాకా వంపులు తిరిగి ఉన్నాయి. ఉత్తరీయం మీద ఇంకో రకం. పక్కనే నిలబడ్డ మా ఆవిడ నైలాన్ చీర మాత్రం మచ్చ లేకుండా మెరిసిపోతోంది.

"దీన్ని మోరే అంటారు" అన్నాను నేను. పొరపాటు. ఆ ఫ్రెంచి మాటని ఎలా పలకాలో నాకూ సరిగా రాదు.

"ఎవరి మోర?" అంది పెద్దమ్మ.

"మోర కాదు పెద్దమ్మా, మోరే. అంటే..."

పెదనాన్న చెయ్యెత్తారు. క్లాసు నిశ్శబ్దమైంది. "ఉతికితే రంగు పోయే బట్ట చూశాను. ఉతక్కుండా రంగొచ్చే బట్ట ఇదే చూడడం. ఇది కల్తీ. ఖద్దరులో ఏదో కలిపారు. మనకంటికి దొరకనిది మిషనుకి దొరికింది" అన్నారు. నా కెమెరాకి ఆ ఇంట్లో దక్కిన మొదటి మెచ్చుకోలు అదే కావడంతో, ఆ క్షణంలో ఖండించడానికి నోరు రాలేదు.

ఆ రాత్రి ల్యాప్‌టాప్‌తో కుస్తీ పట్టాను. ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో ఈ రంగులు తుడిచే బ్రష్ ఉంది. పంచె మీద దాన్ని రుద్దితే రంగులు పోయాయి. దాంతోపాటు పంచెకున్న ఎర్రంచు కూడా పోయింది. తెల్లారి చూపిస్తే, "అంచు కూడా నకిలీదేనా?" అన్నారు పెదనాన్న. పైగా ఏ4 సైజులో, రంగులున్న ఫోటోనే ప్రింటు వేయించమన్నారు. సాక్ష్యానికట.

సోమవారం ఇద్దరం పొందూరు బస్సెక్కాం. ఒళ్లో పంచె, చంకలో ప్రింటు, మెడలో కిలో బరువు కెమెరా. దారంతా ఆయన మాట్లాడలేదు, నాకు లోపల టెన్షను. దొంగని పట్టించడానికి దొంగనే వెంటబెట్టుకు వెళ్తున్నారని ఆయనకి తెలీదు.

దుకాణంలో ఒక పెద్దాయన ఉన్నారు. ప్రింటు చూశారు. పంచె విప్పి, పోగులు లెక్కపెట్టే భూతద్దం ఆనించి, ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూశారు. తర్వాత వేళ్ల మధ్య నలిపి చూశారు.

"పంచె మాదే. నూలు మాదే. ఈ రంగులు మావి కావండి" అన్నారు.

జేబులోంచి ఫోను తీసి, పంచెని అక్కడే ఫోటో తీసి చూపించారు. మల్లెపూవులా ఉంది. "పదివేల ఫోనండి ఇది" అని వినయంగా అన్నారు. ఆ వినయం నన్ను గుచ్చుకుంది. పెదనాన్న మెల్లగా నావైపు తిరిగారు. రిటైరయ్యాక కూడా ఆ చూపు రిటైరవ్వదు.

ఇక దాచి లాభం లేదు. "దోమతెర మీద ఇంకో దోమతెర వేసి చూస్తే అలలు అలలుగా కనబడుతుంది చూడండి, అలాంటిదే ఇది. కెమెరా లోపల సెన్సరు మీద చుక్కలు అడ్డంగా నిలువుగా వరసలు కట్టి ఉంటాయి. బట్టలోనూ పోగులు అలాగే ఉంటాయి. ఈ వరసలూ ఆ వరసలూ ఒకదానితో ఒకటి పొసగనప్పుడు, లేని అలలూ రంగులూ పుడతాయి" అని చెప్పాను. ఇన్నాళ్లూ ఎవరూ వినని ఆ పాఠాన్ని దుకాణం పెద్దాయన ఒక్కసారిలో పట్టేశారు.

"అంటే మీ కెమెరాలోనూ పడుగూ పేకా ఉన్నాయన్నమాట."

"అవునండి."

"మా పోగులు ఆ చుక్కల్లో పట్టలేదు. అవునా?"

"అంతేనండి. పోగు మరీ సన్నగా పడితే దానికి అందదు. తడబడి ఇంకేదో చూపిస్తుంది."

ఆయన భూతద్దం మడిచి జేబులో వేసుకుంటూ, "అయితే మీ మిషను నేత కొంచెం ముతకండి" అన్నారు.

తిరుగు ప్రయాణంలో పెదనాన్న వేరే మనిషి. పక్క సీటాయనకి, వెనక సీటావిడకి, కండక్టరుకి కూడా చెప్పారు. "మూడు కోట్ల అరవై లక్షల చుక్కలండీ! పొందూరు పంచె ముందు చాలలేదు!" శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో దిగేసరికి నా కెమెరాని అవమానించనివాళ్లు ఆ బస్సులో డ్రైవరొక్కడే.

మళ్లీ ఫోటో తియ్యక తప్పలేదు. ఈసారి జాగ్రత్తపడ్డాను. నాలుగడుగులు వెనక్కి జరిగితే పోగులకీ చుక్కలకీ లెక్క మారుతుంది. లెన్సు కన్నం ఎఫ్16కి బాగా చిన్నది చేస్తే బొమ్మ పిసరంత మెత్తబడుతుంది. ఎక్కువ డబ్బు పోసి తీయించిన మసకని నేను మళ్లీ తెచ్చి పెట్టుకున్నానన్నమాట. ఆదివారం అందరూ అవే బట్టల్లో అరుగెక్కారు. పెదనాన్న మాత్రం చివరి నిమిషంలో "కళ్లజోడు మర్చిపోయాను" అంటూ లోపలికి వెళ్లి, అయిదు నిమిషాలకి గానీ రాలేదు. కళ్లజోడు అప్పటికే ముక్కు మీదుంది.

సాయంత్రం మళ్లీ టీవీ. ఈసారి పెద్దమ్మే సరిగ్గా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. జూమ్ చేశాను. పంచె తెల్లగా, ఎర్రంచు ఎర్రగా. హమ్మయ్య అన్నాం అందరం.

"ఇంకొంచెం పైకి జరుపు" అంది పెద్దమ్మ.

జరిపాను.

"ఇంకా పైకి."

మెత్తబడినా 36 మెగాపిక్సెళ్లు 36 మెగాపిక్సెళ్లే. పెదనాన్న తెల్లమీసం మీద కుడివైపు చివర బెల్లం రంగులో ఏదో తళుక్కుమంటోంది. పక్కనే చిన్న జీడిపప్పు పలుకు. పలాస నుంచి పెద్దల్లుడు తెచ్చిన జీడిపప్పు పాకం డబ్బాని, షుగరు మనిషికి అందకుండా పెద్దమ్మ బీరువా మీద పెట్టి రెండు వారాలైంది.

"ఏటండీ ఇది?" అంది పెద్దమ్మ, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

పెదనాన్న గొంతు సవరించుకున్నారు. హెడ్మాస్టరు గంభీరంతో నావైపు చెయ్యి చూపించి, "మోరే" అన్నారు. "వాణ్ణడుగు. లేని రంగులు చూపిస్తది ఆ కెమెరా."

నేను కెమెరా వైపు చూశాను, పెద్దమ్మ వైపు చూశాను, పెదనాన్న వైపు చూశాను. "అవును పెద్దమ్మా, మోరేనే" అన్నాను.