చి.ల.సౌ. మెమరీ క్విల్టుకు ఆశీర్వదించి వ్రాయునది

ఉభయకుశలోపరి. నువ్వు మా ఇంటికి వస్తున్నావని అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. తన చిన్నప్పుడు నేను కుట్టిన బట్టలన్నీ పంపమంది. జూబ్లీహిల్స్‌లో ఎవరో బుటిక్ ఆవిడ వాటిని చదరంగా కత్తిరించి, లోపల దూది పరిచి నిన్ను తయారు చేస్తుందట. నీ ధర విని కాసేపు కూర్చుండిపోయాను.

సరే, ట్రంకుపెట్టె తీశాను. నీకెవరూ చెప్పని సంగతి ఒకటుంది. పిల్లలు ఇష్టపడి తొడుక్కున్న బట్టలు మిగలవు. జనరల్ బజార్‌లో కట్‌పీస్ కొని కుట్టిన నీలంపూల వాయిల్ గౌను ఉండేది. పొద్దున ఉతికితే సాయంత్రానికి మళ్ళీ అదే కావాలని ఏడ్చేది. పిల్ల పొడుగవుతుంటే కింద మడత విప్పాను, ఆ తర్వాత వేరే గుడ్డతో కుచ్చు అతికాను. చివరికి చంకల్లో చిరిగి దిండు గలీబైంది. ఇప్పుడు మిషను నూనె తుడిచే గుడ్డ.

చిరగనివి స్టీలు సామాన్లావిడ పట్టుకుపోయింది. పట్టులంగా ఇచ్చి తీసుకున్న బేసిన్‌లో ఇప్పటికీ బియ్యం కడుగుతున్నాను. ఆ లెక్కన మా అమ్మాయి బాల్యం మీద నీకంటే ఆ బేసిన్‌కే హక్కెక్కువ.

ఇక పెట్టెలో మిగిలిందేమిటి? ఎద మీద స్మాకింగ్ కుట్టు, అంటే సన్న కుచ్చులు పట్టి పైన కుట్టే అల్లిక, వేసిన ఆర్గండీ గౌను, అదే బిరుసుగా నిలబడే పల్చటి గుడ్డ. గుచ్చుకుంటోందని పెళ్ళిపందిట్లో గోల చేసి విప్పేసింది. కళ్ళు పోగొట్టుకుని కుట్టానే అన్న ఉక్రోషంతో దాచాను. ఇప్పుడదే నీ నడిమధ్య కూర్చుంటుంది. రేపు మనవరాలికి చూపించి ‘మీ అమ్మకి ఇదంటే ప్రాణం’ అంటారు. నువ్వు నోరు మెదపవు.

అన్నట్టు, మేం గుడ్డ తాను మొత్తం తెచ్చేవాళ్ళం. అమ్మాయికి గౌను, అబ్బాయికి చొక్కా, మిగిలితే కిటికీకి కర్టెను. దసరాకి ఇంటిల్లిపాదీ బ్యాండుమేళం వాళ్ళలా బయల్దేరేవాళ్ళం. నీలో ఉన్న ముక్క అక్కదా, తమ్ముడిదా, కిటికీదా? అప్పుడే ఫోన్లో తగువు మొదలైంది.

నీకు ముందు మా ఇళ్ళల్లో బొంత ఉండేది. పాత నేతచీరలు పొరలుగా పరిచి చేత్తో కుట్టేవాళ్ళం. పసివాళ్ళు తడిపితే ఉతికి ఎండలో వేసేవాళ్ళం. కర్ణాటకలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ తెగ ఆడవాళ్ళు ఇప్పటికీ పాత బట్టల ముక్కలతో కవాండీలనే బొంతలు కుడతారు, అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికొస్తారు. వాళ్ళకి చిరిగిన బట్టే ముడిసరుకు. నీకేమో చిరిగింది పనికిరాదు, నీళ్ళు అసలే పనికిరావు. డ్రై క్లీనింగ్ మాత్రమేనట. నూలు ముడుచుకుంటుంది, టెరికాట్ ముడుచుకోదు, రెండూ పక్కపక్కన కుట్టి ఉతికితే అతుకుల దగ్గర ముడతలొస్తాయి మరి. నూలుగుడ్డని ముందే ఉతికి కత్తిరించమని ఆ బుటిక్ ఆవిడతో చెప్పు, ఈ సలహాకి నేను ఫీజు తీసుకోను.

హైదరాబాదులో నిన్ను కప్పుకునేంత చలి సంక్రాంతికి అటూ ఇటూ నాలుగు రోజులు. కొత్త ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని 2020 నుంచి ప్రభుత్వం రూలు పెట్టింది. మా అమ్మాయి దాన్ని 18కి దించి, మే నెలలో నిన్ను కప్పుకుంటుందట.

నిన్న మళ్ళీ ఫోన్. ఒక మూల ఖాళీగా ఉంది, ఇంకో ముక్క కావాలంది. నూనెగుడ్డని సర్ఫ్‌లో నానబెట్టాను. మరక పోలేదు. కొరియర్లో పంపిస్తున్నాను, మర్యాదగా చోటిస్తే సరి. లేదంటే తిప్పి పంపించు, మిషను మళ్ళీ కిర్రుమంటోంది.

ఇట్లు,
కుట్టుమిషను ఇంకా అమ్మని అమ్మ
మల్కాజ్‌గిరి