మనిషి పరిశోధనకు పనికిరాడు

మనుషుల మీద జన్యు పరిశోధనలు తక్షణం ఆపేయాలని డిమాండ్ చేస్తున్నాను. ఆ పనికి రొట్టె పిండిని పొంగించే ఈస్టే అర్హురాలు. గంటన్నరకో తరం. ఎవరితో జత కట్టమంటే వాళ్లతో కడుతుంది. పిల్లలంతా ఒకే పళ్లెంలో, ఒకే తిండి తిని, ఒకే వేడిలో పెరుగుతారు కాబట్టి పెంపకం సరిగా లేదని తల్లిని ఆడిపోసుకునే వీలు కూడా లేదు.

మనిషో? ఎత్తులో తేడాలకు 80 శాతం దాకా వంశమే కారణమని కవలల అధ్యయనాలు ఎప్పుడో చెప్పాయి. ఆ జన్యువులేవో చూపించమంటే మాత్రం ఏళ్ల తరబడి లెక్క తేలలేదు. 2022లో 54 లక్షల మంది డీఎన్ఏ కలిపి, ఎత్తుతో ముడిపడ్డ 12 వేలకు పైగా డీఎన్ఏ తేడాలు పట్టుకుంటే, ఐరోపా మూలాల వారి ఎత్తు తేడాల్లో లెక్క తేలింది 40 శాతం.

ఈస్ట్ అలా సతాయించదు. 2013లో ల్యాబ్ ఈస్ట్‌కూ ద్రాక్షతోట ఈస్ట్‌కూ పుట్టిన 1,008 మంది సంతానంలో 46 లక్షణాలు కొలిచారు. (ల్యాబ్ ఈస్ట్‌ది మరీ గొప్ప వంశమేం కాదు. దాని ప్రధాన పూర్వీకుడు 1938లో కాలిఫోర్నియాలో కుళ్లిన అంజూరపండు మీద దొరికాడు.) జన్యువులు విడివిడిగా చేసే పని వరకు లెక్క దాదాపు పైసాతో సహా తేలిపోయింది.

అయితే ఇంత బుద్ధిమంతురాలూ ఒకచోట నన్ను నిరాశపరిచింది. ఫలానా రసాయనంలో ఎంత బాగా పెరగాలి అన్న చిన్న విషయానికి ఒక్క జన్యువు చాలదట. ఒక్కో లక్షణం వెనుక డీఎన్ఏలో 5 నుంచి 29 చోట్లు బయటపడ్డాయి. అంతకుముందు 2002లో వేడిని తట్టుకునే గుణం కోసం ఒక చోటును తవ్విచూస్తే పక్కపక్కనే మూడు జన్యువులు! వాటిలో ఏ ఒక్కటీ తప్పనిసరి కాదు, ఏ ఒక్కటీ సరిపోదు. కమిటీ వేసి నిర్ణయం తీసుకున్నట్టుంది.

ఏకకణ జీవికే ఇంత తతంగం ఉంటే, 'తెలివితేటల జన్యువు దొరికింది' అని హెడ్‌లైన్ పెట్టేవాళ్ల ధైర్యాన్ని మెచ్చుకోవాలి. గొట్టంలో ఉమ్మి పంపితే చాలు, పిల్లాడు పరుగు పందేలకు పనికొస్తాడో పాటలకు పనికొస్తాడో డీఎన్ఏ పరీక్షల కంపెనీలు రంగురంగుల రిపోర్టులో చెప్పేస్తున్నాయి. 1,008 మంది పిల్లల్నీ, అన్ని పళ్లాలనూ పెట్టుకుని కుస్తీ పట్టిన శాస్త్రవేత్తలకు ఈ దగ్గరిదారి ఎందుకు తట్టలేదా అని ఆలోచించాను. తప్పు వాళ్లది కాదు. ఈస్ట్‌కు ఉమ్మి రాదు.